విశాఖలో డిగ్రీ చదువుతూ ప్రకటనల, డిజైన్ రంగంలో అనుభవం: ఏజెన్సీలో చేరాలా, ప్రెస్సులో చేరాలా?

గాజువాక విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను విశాఖలోని ఒక డిగ్రీ కళాశాలలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. కళాశాలలో జరిగే కార్యక్రమాలకు పోస్టర్లు, ఆహ్వానపత్రాలు నేనే తయారుచేస్తాను. ఫోన్‌లో కాన్వాతో మొదలుపెట్టిన ఈ పని, ఇప్పుడు అన్నయ్య వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లో ఇంక్‌స్కేప్, ఫిగ్మా దాకా వచ్చింది. బొమ్మలు పరవాలేదనిపిస్తాయి గాని, బొమ్మ పక్కన ఉండవలసిన వాక్యం రాయడంలోనే నాకు ఎక్కువ ఆసక్తి ఉంది. చదువయ్యాక ప్రకటనల రంగంలోకి వెళ్లాలన్నది నా ఆలోచన. ఇంట్లో మాత్రం బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు.

మన రాష్ట్రంలో 2020–21 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీలో మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసిన సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మొదటి ఏడాది తరువాత చేయవలసిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పూర్తిచేశాను. ఈ వేసవి సెలవుల్లో రెండు నెలల స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్ చేయాలి. తెలిసిన ఆడిటరు గారి దగ్గర సంతకం పెట్టించుకుని గట్టెక్కే వారే మా తరగతిలో ఎక్కువ. నాకు ఆ రెండు నెలలను అలా పోగొట్టుకోవాలని లేదు.

నా ముందు రెండు దారులు ఉన్నాయి. సిరిపురం వైపు ఉన్న ఒక చిన్న డిజిటల్ మార్కెటింగ్ సంస్థ వారు సోషల్ మీడియా ఇంటర్న్‌గా తీసుకుంటామంటున్నారు. స్టైపెండ్ ఉండదు సరికదా, శిక్షణ రుసుము కింద అయిదు వేల రూపాయలు మేమే కట్టాలట. రెండోది నాన్నగారికి తెలిసిన ఒక ప్రింటింగ్ ప్రెస్సు. అక్కడ డీటీపీ చేసే ఆవిడ సెలవు పెడుతున్నారు కనుక ఆ రెండు నెలలు వచ్చి పని చూడమంటున్నారు, ఆటో ఛార్జీలు పోను కొంత మిగిలేలా ఇస్తామన్నారు. ప్రెస్సు పేరు చెప్పగానే నా స్నేహితురాళ్లు నవ్వారు. సంస్థ పేరు వెనుక ఏజెన్సీ అనే మాట ఉంటేనే రేపు హైదరాబాద్‌లోనో ముంబైలోనో లెక్కలోకి వస్తుందని వారి అభిప్రాయం.

ఉద్యోగం ఇచ్చే వారు నిజంగా ఏమి చూస్తారు? పెద్ద ఏజెన్సీలు లేని ఊళ్లో ఉన్న విద్యార్థికి ఈ రంగంలో ముందుగా అనుభవం ఎలా వస్తుంది? అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరని ఆశిస్తున్నాను.

పాత కాపీరైటరు, హైదరాబాద్

మీ ప్రశ్నలో సగానికి జవాబు తేలిక. పని మీరు చేసి, డబ్బు కూడా మీరే కట్టే చోటును ఇంటర్న్‌షిప్ అనరు. అది కోచింగ్ సెంటరు, అది కూడా పాఠాలు చెప్పని కోచింగ్ సెంటరు. అటు వైపు చూడకండి.

మిగతా సగం చెప్పాలంటే ఏజెన్సీ లోపల పని ఎలా సాగుతుందో కొంత చెప్పవలసి ఉంటుంది. క్లయింటుతో మాట్లాడి, అతనికి కావలసింది ఏమిటో తెలుసుకుని వచ్చే వారు క్లయింట్ సర్వీసింగ్‌లో ఉంటారు. ఆ వస్తువును ఎవరు కొంటున్నారు, కొనని వారు ఎందుకు కొనడం లేదు అని ఆరా తీసే వారు ప్లానింగ్‌లో ఉంటారు. వీరు కలిసి, చేయవలసిన పని ఏమిటో చెప్పే, ఒక పేజీకి మించని బ్రీఫ్ తయారుచేస్తే, దాన్ని ముందు పెట్టుకుని కాపీరైటరు, ఆర్ట్ డైరెక్టరు కూర్చుంటారు. రాసే వారు, గీసే వారు ఇలా ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఇప్పుడు సహజంగా కనిపిస్తుంది గాని, 1949లో న్యూయార్క్‌లో డోయల్ డేన్ బెర్న్‌బాక్ సంస్థ మొదలై ఆ పద్ధతిని నిలబెట్టే దాకా, రచయిత రాసిన కాగితం బొమ్మల విభాగానికి వెళ్లడమే తప్ప ఇద్దరూ కలిసి ఆలోచించడం అరుదు. మీకు వాక్యం మీద ఇష్టమన్నారు కనుక ఇది చెబుతున్నాను. మీరు ఇప్పుడు చేయవలసింది ఇంకో సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం కాదు, మీకంటే బాగా బొమ్మ వేసే ఒకరిని వెతుక్కోవడం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళల విభాగం ఉంది. బ్రహ్మాండంగా బొమ్మ వేసి, దాని కింద ఏం రాయాలో తోచక తల పట్టుకునే వారు అక్కడ మీకు తప్పకుండా దొరుకుతారు. కలిసి చేసిన పనిని ఇద్దరూ తమ పోర్ట్‌ఫోలియోల్లో (చేసిన పనుల సంకలనాల్లో) పెట్టుకోవచ్చు, ఎవరు ఏది చేశారో నిజాయతీగా రాస్తే చాలు.

తెలుగులో రాయగలగడం మీకు పెద్ద ఆస్తి. 2025 అక్టోబరులో కన్నుమూసిన ప్రసిద్ధ ప్రకటనల రచయిత పీయూష్ పాండే 1982లో ఒగిల్వీ ఏజెన్సీలో చేరింది రచయితగా కాదు, క్లయింట్ సర్వీసింగ్‌లో. తరువాత క్రియేటివ్ వైపు వచ్చి, ఇంగ్లీషులో ఆలోచించి హిందీలోకి మార్చుకునే అలవాటు ఉన్న పరిశ్రమలో నేరుగా హిందీలోనే ఆలోచించి రాసి చూపించారు. తెలుగు ఇంకా ఆ మార్పు కోసం ఎదురుచూస్తూనే ఉంది. ముంబైలో తయారైన ప్రకటన మన దాకా వచ్చేసరికి చిత్రం, సంగీతం, నిడివి అన్నీ ఖాయమైపోయి, మాట మార్చే అవకాశం ఒక్కటే మిగులుతుంది. హిందీలో ముప్ఫై సెకన్లలో హాయిగా ఇమిడిన సంగతిని తెలుగులో పెదవుల కదలికకు సరిపెట్టి, అదే ముప్ఫై సెకన్లలో, ఎవరో తరుముతున్నట్టు వినిపించకుండా చెప్పాలి. స్టాప్‌వాచ్ పెట్టుకుని, గట్టిగా చదువుతూ ఇది సాధన చేయండి. కళ్లతో చదివినప్పుడు బాగున్న వాక్యం నోటితో చదివినప్పుడు ఊపిరి అందక ఎక్కడ తెగుతుందో తెలుస్తుంది. ఈ సాధనకు విశాఖ అయినా, ముంబై అయినా ఒకటే.

ఇక పోర్ట్‌ఫోలియో. ఇంటర్న్‌షిప్ అడుగుతూ వచ్చే వాటిని నేను చూస్తూనే ఉంటాను. చాలావాటిలో అవే బూట్లు, అవే శీతల పానీయాలు, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే అవే మాకప్‌లు (డిజైను అతికించి చూపే నమూనా చిత్రాలు) కనిపిస్తాయి. ఆరేడు పనులు చాలు, పదిహేను చూపిస్తే వాటిలో బలహీనమైన దాన్ని బట్టే మిమ్మల్ని అంచనా వేస్తారు. ప్రతి పనికీ ముందు సమస్య ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పండి, ఆ తరువాత మీరు పక్కన పెట్టిన ఆలోచనలను కూడా చూపండి, చివరి రూపం ఆ తరువాత రావాలి. చివరి రూపం బాగుందో లేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది, మీరు ఏది వద్దనుకున్నారో చూడటానికే మేము ఆగుతాము.

ప్రెస్సు విషయంలో మాత్రం నాకు అనుమానమే. అక్కడ చేయి తిరుగుతుంది గాని బుర్ర తిరగదు. చేరితే చేరండి, సాయంత్రాలు మాత్రం మీ సొంత పనికి ఉంచుకోండి.

డాబా గార్డెన్స్ ప్రెస్సు

కాపీరైటరు గారు చెప్పిన వాటిలో రుసుము కట్టవద్దన్న మాట నూటికి నూరు పాళ్లు నిజం. ప్రెస్సు గురించి చెప్పింది మాత్రం ప్రెస్సులో ఒక పూట కూర్చోని వారు చెప్పే మాట. నేను చాలా ఏళ్లుగా ఆఫ్‌సెట్ ప్రెస్సు నడుపుతున్నాను, ఏజెన్సీల నుంచి వచ్చే ఫైళ్లను సరిచేసే పని మాకు నిత్యం ఉంటుంది.

అమ్మా, ఉదాహరణకు మీరు ఇన్‌స్టాగ్రామ్ కోసం 1080 పిక్సెళ్ల చదరపు పోస్టరు చేశారనుకోండి. క్లయింటుకు అది నచ్చి, అదే కరపత్రంగా వేయమంటాడు. అచ్చుకు కావలసిన 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన ఆ బొమ్మ తొమ్మిది సెంటీమీటర్ల చదరానికి మాత్రమే సరిపోతుంది. ఏ4 సైజు కావాలంటే 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. పైగా తెర మీద మెరిసిపోయిన నీలం, నాలుగు రంగుల సిరాలోకి వచ్చేసరికి ఊదా రంగులోకి తిరిగి చప్పబడుతుంది. మా దగ్గరకు వచ్చి రంగు తప్పు పడిందని గొడవపడే వారిలో ఎక్కువమంది ఫైలును తెరకు వాడే ఆర్‌జీబీ రంగుల్లోనే ఉంచి పంపిన వారే. చిన్న అక్షరాలను నాలుగు రంగులూ కలిపిన నలుపులో పెడితే, ఒక్కో రంగుకు ఒకటిగా ఉండే అచ్చు ప్లేట్లు వెంట్రుక వాసి జరిగినా అక్షరం చుట్టూ ఎర్రటి, నీలపు అంచు కనిపిస్తుంది. వాటిని ఒక్క నలుపు ప్లేటులోనే ఉంచాలి. ఇవన్నీ యూట్యూబ్‌లో కూడా చెబుతారు, కాదనను. అయితే మీరు చేసిన పని వెయ్యి కాపీలు పాడై, కట్టలు కట్టి మూలన పడి ఉండగా చూసినప్పుడు అది గుర్తుండే తీరు వేరు.

తెలుగు దగ్గర కష్టాలు ఇంకా ఎక్కువ. మా వంటి ప్రెస్సుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లు నడుస్తున్నాయి, ప్రజలు వాట్సాప్‌లో పంపే మేటరేమో ఫోన్లన్నీ చదవగల యూనికోడ్‌లో ఉంటుంది. కన్వర్టరులో వేస్తే చాలావరకు సరిగానే వస్తుంది గాని, ఒత్తులు తారుమారై, క్షకారం ఉన్న చోట ఏదో ఒక గుర్తు కూర్చుంటుంది. ఫోటోషాప్‌లోనూ ఇన్‌డిజైన్‌లోనూ వరల్డ్ రెడీ అనే అమరిక ఎంచుకోకపోతే సంయుక్తాక్షరాలు విడిపోయి కనిపిస్తాయి. ఏజెన్సీ నుంచి వచ్చే ఫైళ్లలోనూ ఈ తప్పు చూస్తుంటాను. ఇంగ్లీషుకు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. పై వరుసలోని ఒత్తు, కింది వరుసలోని గుడి ఒకదానికొకటి తగులుతాయి. కంప్యూటరు దానంతట అది ఇచ్చే ఎడాన్ని నమ్మకుండా, మేటరు మొత్తం చదివి, ఒత్తులు ఎక్కువ ఉన్న వరుసను చూసుకుని ఎడం నిర్ణయించాలి.

హోర్డింగుల సంగతి కూడా ఒకటి చెబుతాను. మద్దిలపాలెం దగ్గర జాతీయ రహదారి మీద గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు సుమారు పదకొండు మీటర్లు ముందుకు పోతుంది. హోర్డింగు అరవై మీటర్ల దూరం నుంచి కనిపించిందనుకున్నా, చదవడానికి దొరికేది అయిదారు సెకన్లు. అందులో ఒకటో రెండో ఎదుటి ఆటోను తప్పించడానికే పోతాయి. అయినా క్లయింటు తన అన్ని శాఖల చిరునామాలు, మూడు ఫోన్ నంబర్లు, పిల్లల ఫోటోలు కూడా పెట్టమంటాడు. వద్దని అతనికి నచ్చజెప్పడం ఎలాగో మా కౌంటరు దగ్గర నిలబడి నేర్చుకోవాలి. బుర్ర తిరగదన్నారు కనుక ఇంతగా చెప్పవలసి వచ్చింది.

ఇక్కడ వ్యాపారం పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు గనుక శుభలేఖలు తగ్గుతాయి, అదే నెలలో వస్త్ర దుకాణాల ఆఫర్ల కరపత్రాలు, బ్యానర్లు మీద పడతాయి. శ్రావణం ముందు మళ్లీ శుభలేఖలు, ఏడాది చివర క్యాలెండర్లు. ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి మన విశాఖలోనే ప్రకటించినప్పుడు, బట్ట మీద ముద్రణ గురించి మేమందరం హడావిడిగా ఆలోచించవలసి వచ్చింది. బట్ట సిరా పీల్చుకుంటుంది, సన్నని అక్షరాలు పూడుకుపోతాయి, కనుక డిజైనే మారాలి. ఏ వస్తువు మీద అచ్చు వేస్తున్నామో తెలియకుండా చేసిన డిజైను సగం డిజైనే.

ప్రెస్సులో లోటు లేదని కూడా అనను. క్లయింటు ఎందుకు ఆ ప్రకటన ఇస్తున్నాడో అడిగే తీరిక మాకు ఉండదు. తెచ్చింది వేసి పంపిస్తాము. ఆలోచనలో భాగం మీరు వేరే చోట నేర్చుకోవలసిందే.

గాజువాక విద్యార్థిని

ఇద్దరికీ ధన్యవాదాలు. ప్రెస్సు గురించి ఇంత ఉందని నాకు తెలియదు. ఇంకో సందేహం అడుగుతాను. ద్వారకానగర్‌లోని ఒక కోచింగ్ సంస్థకు మా బంధువు ద్వారా పోస్టర్లు చేసే అవకాశం వచ్చింది. ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలు వారే వాట్సాప్‌లో పంపారు. వారిలో ఒకరు తమ దగ్గర రెండు వారాల ఉచిత మాక్ టెస్టులు మాత్రమే రాశారని అక్కడి ఉద్యోగి మాటల్లో చెప్పారు. డబ్బు గురించి, ఆ పోస్టర్లను నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవడం గురించి ఏ మాటా అనుకోలేదు. మొదటి పని కనుక అడగడానికి మొహమాటంగా ఉంది.

లలితకళల అధ్యాపకురాలు

ఫోటోల విషయం ముందు తేల్చుకోవాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ సంస్థల ప్రకటనలకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం, ఎంపికైన అభ్యర్థి పేరు, ఫోటో వాడుకోవాలంటే ఫలితం వచ్చిన తరువాత అతని నుంచి లిఖితపూర్వకమైన అనుమతి తీసుకోవాలి. అభ్యర్థి ఆ సంస్థలో ఏ కోర్సు తీసుకున్నాడో, అది డబ్బు కట్టి తీసుకున్నదో కాదో కూడా ప్రకటనలో చెప్పాలి. రెండు వారాల మాక్ టెస్టులు రాసిన విద్యార్థిని రెండేళ్లు చదివిన వాడిలా చూపడం ఆగాలన్నదే ఈ నిబంధన ఉద్దేశం. అంతకు ముందు 2022 జూన్‌లో వచ్చిన సాధారణ మార్గదర్శకాలు ఇంకో సంగతి చెబుతాయి: ప్రకటనలోని హామీ ఏ భాషలో ఉంటే దాని షరతు కూడా ఆ భాషలోనే, అదే ఫాంటులో ఉండాలి. తెలుగులో పెద్దగా హామీ ఇచ్చి, అడుగున ఇంగ్లీషులో షరతులు రాసే మన ఊరి అలవాటు దీనికి విరుద్ధం. ప్రకటనల పరిశ్రమ తనకు తానుగా పెట్టుకున్న ఆస్కీ అనే మండలి 1985 నుంచి ఉంది, దాని నియమావళి కూడా ఒకసారి చదవండి. విద్యార్థి దశలోనే ఇవి తెలిసి ఉన్న వారు చాలా తక్కువ కనుక, ఇంటర్వ్యూలో మీరు ఈ ప్రస్తావన తేగలిగితే అది దానికదే ఒక అర్హత అవుతుంది.

ఆ సంస్థ వారితో నియమాలు చెబుతున్నట్టు మాట్లాడనక్కరలేదు. అనుమతి పత్రాలు పంపితే ఆ ఫోటోలు పెడతానని, ఒక్కొక్కరి కోర్సు వివరాలు కూడా కావాలని వాట్సాప్‌లోనే మర్యాదగా రాయండి. పంపకపోతే ఆ పని వదిలేయండి.

హక్కుల విషయానికి వస్తే, 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పని మీద హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానికే ఉంటుంది. మీరు ఉద్యోగి కాకుండా విడిగా చేసిన డిజైను మీద హక్కు వారికి బదిలీ కావాలంటే రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. అందులో కాలం రాయకపోతే అయిదేళ్లుగాను, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకు మాత్రమేగాను భావిస్తారు. మీ స్థాయిలో స్టాంపు కాగితాలు అక్కరలేదు. చేయబోయే పని, ఇవ్వబోయే మొత్తం, ఎన్నిసార్లు మార్పులు చేస్తారు, పోర్ట్‌ఫోలియోలో చూపుకోవడానికి అనుమతి, ఈ నాలుగూ ఉన్న ఈమెయిల్ పంపి, సరేనని వారి చేత జవాబు రాయించుకోండి. ప్రెస్సులో చేరే ముందు యజమానిని కూడా ఈ అనుమతి అడగండి.

కాపీరైటరు గారు ఊహాత్మక ప్రకటనలను పూర్తిగా కాదనలేదు గాని, నేను ఇంకొంచెం కటువుగానే ఉంటాను. పేరున్న బ్రాండ్లకు ఎవరూ అడగని ప్రకటనలు చేయడంలో విద్యార్థి నేర్చుకునేది తక్కువ, ఎందుకంటే వద్దనే వారు అక్కడ ఎవరూ ఉండరు. మాడుగుల హల్వా చేసే ఒక చిన్న దుకాణానికి పెట్టె డిజైను చేసి చూడండి. దాని మీద పేరు, బొమ్మ పెట్టడం ఒక పూట పని. ఆ తరువాత నికర తూకం, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ ధర, తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలి, తయారీదారు చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, పోషక విలువల పట్టిక, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్య, శాకాహారమని తెలిపే ఆకుపచ్చ గుర్తు వరుసగా వచ్చి చేరతాయి. అవన్నీ పెట్టాక మీ అందమైన బొమ్మకు మిగిలే చోటు ఎంతో చూసుకుంటే, అసలు డిజైను అప్పుడు మొదలవుతుంది. మూత అంచులో మడత ఎక్కడ పడుతుందో, నెయ్యి మరక పడితే ఏ రంగు తట్టుకుంటుందో దుకాణం యజమాని చెబుతాడు, ఏ పుస్తకంలోనూ అది ఉండదు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్క పూత పెట్టిన ఆ చెక్క బొమ్మలను పగలకుండా, రంగు రాసుకోకుండా దూరప్రాంతానికి పంపగల పెట్టె చేయడం కూడా మంచి పనే.

ఒంటరిగా తిరిగే బదులు నలుగురు కలిస్తే మంచిది. మా విద్యార్థులు కొందరు ఇలా చిన్న బృందంగా ఏర్పడి పని చేస్తుంటారు. ఒకరు క్లయింటుతో మాట్లాడి బ్రీఫ్ రాస్తారు, ఒకరు రాస్తారు, ఒకరు గీస్తారు, మిగిలిన వారు ప్రెస్సుతో, లెక్కలతో వ్యవహరిస్తారు. ప్రతి పనికీ ఈ పాత్రలు మారాలన్న నియమం పెట్టుకున్నారు. బొమ్మ వేసే అబ్బాయి ఒకసారి బాకీ వసూలుకు వెళ్లి వస్తే, ఆ తరువాత బ్రీఫ్‌లో గడువు ఎందుకు రాస్తారో అతనికి వేరే చెప్పనక్కరలేదు. మీరు బీకాం కనుక బిల్లు, అంచనా పత్రం రాయడం మీకు వచ్చు. చిత్రకళ విద్యార్థులకు సాధారణంగా అదే రాదు.

అక్షరాల గురించి ఒక మాట. సిలికానాంధ్ర వారి చొరవతో వచ్చిన గిడుగు, గురజాడ, మల్లన్న, రామభద్ర, సురవరం వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, వ్యాపార పనులకు కూడా వాడుకోవచ్చు. దొంగ ఫాంటుతో చేసిన పనిని పోర్ట్‌ఫోలియోలో పెట్టకండి. వీలైతే శీర్షికను చేత్తోనే రాయండి. సినిమాలకు ముందు ప్రకటనల సంస్థల్లో కూడా పని చేసిన బాపు గారి చేతిరాత ఈనాటికీ మన శుభలేఖల మీద కనిపిస్తూనే ఉంది. కృత్రిమ మేధతో బొమ్మ తెప్పించినప్పుడు అందులోని తెలుగు అక్షరాలను అక్షరం అక్షరంగా సరిచూసుకోండి, తలకట్టు తరచుగా గాల్లో ఉంటుంది.

పై చదువు గురించి మీరు అడగలేదు గాని, ఇంట్లో వారికి చెప్పడానికి పనికి వస్తుంది. మూడేళ్ల డిగ్రీ ఏ విభాగంలో చేసినా ఐఐటీ బొంబాయి నిర్వహించే సీడ్ పరీక్ష రాసి డిజైనులో పీజీకి వెళ్లవచ్చు. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీలో కూడా పీజీకి ఇతర డిగ్రీల వారికి అవకాశం ఉంది. క్లయింట్ సర్వీసింగ్, ప్లానింగ్ వైపు మనసు పోతే అదే నగరంలో 1991లో మొదలైన మైకా అనే విద్యాసంస్థ ఉంది.

పాత కాపీరైటరు, హైదరాబాద్

ప్రెస్సు వారి జవాబు చదివాక నా అనుమానం చాలావరకు తీరింది. ఆ హోర్డింగు లెక్కను మా ఇంటర్న్‌లకు కూడా చెబుతాను. అధ్యాపకురాలి మాటల్లో ఒక్కదానితో మాత్రం ఏకీభవించలేను. చిన్న దుకాణం యజమాని వద్దనడం నిజమే గాని, అతను చాలాసార్లు తన అభిరుచి కొద్దీ వద్దంటాడు. ఎందుకు వద్దో కారణం చెప్పి తిప్పి పంపే సీనియరు దగ్గర పని చేయడం వేరు. అందువల్ల మీ పనిని నెలకు ఒకసారైనా ఈ రంగంలో ఉన్న ఎవరికైనా పంపి, ఒక్క ప్రశ్న అడగండి: ఇందులో ముందుగా ఏది తీసేస్తారు? బాగుందా అని అడిగితే బాగుందనే అంటారు.

డబ్బు విషయంలో మొహమాటం వద్దు. తక్కువ తీసుకోండి, ఉచితంగా మాత్రం వద్దు. సేవా సంస్థలకు ఉచితంగా చేస్తే చేయండి, అప్పుడు కూడా పూర్తి ధర వేసి, దాన్ని తగ్గించినట్టు బిల్లులో చూపండి.

గాజువాక విద్యార్థిని

కోచింగ్ సంస్థ వారికి అధ్యాపకురాలు గారు చెప్పినట్టే రాశాను. అనుమతి పత్రాలు లేవని, ఫోటోలు లేకుండా బ్యాచ్ వివరాలతో మాత్రమే పోస్టరు చేయమని జవాబిచ్చారు. ఇవ్వబోయే మొత్తం కూడా ఈమెయిల్‌లో ఒప్పుకున్నారు. ఏజెన్సీ వారికి రానని చెప్పేశాను. సెలవులు ఇవ్వగానే ప్రెస్సులో చేరుతున్నాను, సాయంత్రాలు హల్వా పెట్టె పని చేయాలని అనుకుంటున్నాను. ఇంటర్న్‌షిప్ నివేదికలో ప్రెస్సు పనిని ఎలా చూపాలో మాత్రం తెలియడం లేదు. మా లెక్చరర్లు వాణిజ్య శాస్త్రానికి సంబంధం ఏమిటని అడుగుతారు.

డాబా గార్డెన్స్ ప్రెస్సు

సంబంధం కావలసినంత ఉంది. ఒక కరపత్రానికి అంచనా వేయడం మీ యజమాని దగ్గర నేర్చుకోండి. కాగితం రీముల లెక్క, నాలుగు ప్లేట్ల ఖర్చు, మిషను సర్దుకునే లోపు వృథా అయ్యే షీట్లు, కటింగు, లామినేషను, డీటీపీ కూలి అన్నీ కలిపి, వెయ్యి కాపీలకు ఒక్కోటి ఎంత పడుతుందో, అయిదు వేలకు ఎంత పడుతుందో పట్టిక వేయండి. ప్లేటు ఖర్చు ఎన్ని కాపీలకైనా ఒకటే కనుక కాపీలు పెరిగేకొద్దీ ఒక్కోదాని ధర ఎలా పడిపోతుందో అందులో కనిపిస్తుంది. మీ లెక్చరర్లు కాస్ట్ అకౌంటింగ్‌లో చెప్పే స్థిర వ్యయం అదే, నివేదికకు అది చాలు. ధరలు మాత్రం యజమానిని అడిగే రాయండి, కొందరు బయటకు చెప్పడానికి ఇష్టపడరు.

చేరిన మొదటి వారంలో ప్రూఫు (అచ్చుకు ముందు సరిచూసే కాపీ) మీద క్లయింటు సంతకం లేకుండా ఏదీ ప్లేటుకు పంపకండి. ఫైలు పంపేటప్పుడు అక్షరాలను కర్వ్స్‌గా (ఫాంటు అక్కరలేని, మళ్లీ సవరించలేని గీతలుగా) మార్చడం ఎంత ముఖ్యమో, మార్చని ఫైలును విడిగా దాచుకోవడం కూడా అంతే ముఖ్యం. శుభలేఖ అచ్చుకు వెళ్లే రోజు సాయంత్రమే పెళ్లికూతురి మేనమామ పేరు చేర్చాలని ఫోను వస్తుంది.